నూనె చూసినవా బిడ్డా

అమ్మ సంవత్సరీకం అయిపోయిన వారంలోనే అన్న ఫోన్ చేసి, "ఇగ ఇంజన్ దించుదామే శోభా, నువ్వు గూడ రా" అన్నాడు. మా అన్న రాజలింగం ఫోన్లో బాగున్నావా, తిన్నావా అని అడిగే మనిషి కాదు. చెప్పాల్సింది చెప్పి, మనం ఊఁ అనేలోపే పెట్టేస్తాడు. అలాంటివాడు ఆ రోజు పెట్టేయకుండా పట్టుకునే ఉన్నాడు, ఊపిరి వినపడుతోంది. కారు ఇంజన్ దించడానికి రిటైరైన లెక్కల టీచరమ్మ ఎందుకని నేను వేళాకోళం చేయలేదు. బాపు పోయినప్పటి నుంచీ ఆ ఇంజన్ తెరవాలని అన్న మనసులో ఉంది, తెరవొద్దని అమ్మ పట్టుదల. అమ్మ ఉన్నన్నాళ్లూ అమ్మ మాటే నడిచింది. ఆ ఇంజన్ ఎందుకు పట్టేసిందో తెలిస్తే, బాపు చావుకు తాను కారణమో కాదో అన్నకు తెలుస్తుంది. డెబ్బై దగ్గరపడిన మనిషికి తెలుసుకోవాల్సింది ఇంకేమీ మిగల్లేదు.

హనుమకొండలో ఆటో ఎక్కి వరంగల్ పాత బజారు వైపు వెళ్లాను. కారు మా ఇంట్లోకి వచ్చిన రోజుల్లో మా సందులో ఎడ్లబండి, కారు ఒకదాన్నొకటి తప్పుకుని పోయేవి. తర్వాత ఒకరు మెట్లు కట్టుకున్నారు, ఒకరు అరుగు పెంచుకున్నారు, ఇంకొకరు ఏకంగా గోడనే ముందుకు జరుపుకున్నారు. ఇప్పుడు ఆటోవాడు కూడా సందు మూల మీదే దించి, "ఇక్కడికేనమ్మా" అనేసి పోతాడు. అందుకే ఆ కారు ఇక ఎక్కడికీ పోదు. పోయినా ముక్కలుగానే పోవాలి, ఆ విప్పుడేదో ఇంట్లోనే జరగాలి.

ఇంటి ముందరి రేకుల కింద తెల్ల అంబాసిడర్ అలాగే ఉంది. టైర్లలో గాలి పోయి ఎన్నేళ్లయిందో, నేలకు అతుక్కుపోయింది. అమ్మ దాని మీద ఏనాడూ నాలుగు మిరపకాయలు కూడా ఎండబోయనివ్వలేదు. పైన రేకుకు ఒక చిల్లు ఉండేది. వాన పడితే ఆ చిల్లులోంచి చుక్కలు బానెట్ మీద టకటకమని పడేవి. బాపుకు పొద్దున్నే చాయ్ తాగుతూ బానెట్ మీద వేళ్లతో దరువు వేసే అలవాటుండేది. ఆ చుక్కల చప్పుడు మొదలవగానే అమ్మ చేస్తున్న పని వదిలేసి, తల ఎత్తి కాసేపు అలాగే ఉండిపోయేది. రొట్టె మాడిపోయినా కదిలేది కాదు. చిల్లు మూయించమని వదిన ఎన్నిసార్లు పోరినా అమ్మ వినలేదు. చిన్నప్పుడు నా పిల్లలు సెలవులకు వస్తే, చీకటిపడ్డాక కారు పక్కనుంచి వెళ్లాల్సొస్తే పరుగెత్తేవాళ్లు. తాతయ్య అందులో కూర్చున్నాడని ఎవరూ వాళ్లకు చెప్పలేదు. వాళ్లంతట వాళ్లే అనుకున్నారు.

కారు మాదంటే షోకుకు కొన్నదనుకునేరు. బాపు దాన్ని కిరాయికి నడిపేవాడు. తొర్రూరుకు పెండ్లివారిని, హనుమకొండ దవాఖానకు రోగులను, ఎలక్షన్లప్పుడు నాయకులను తిప్పేవాడు. ముగ్గురిలో పెండ్లికూతుళ్లే నయం, సీట్లో మల్లెపూలన్నా వదిలిపోతారని నవ్వేవాడు. మా ఇంట్లో పొద్దున్నే జొన్నరొట్టె వాసన కంటే ముందు పెట్రోలు వాసన లేచేది. పాత లుంగీ ముక్కతో బాపు కారంతా తుడిచేవాడు. నాకు జడ వేయడానికి తీరిక దొరకని అమ్మ, ఆ గుడ్డను మాత్రం రోజూ ఉతికి ఆరేసేది. నాకు ఆ కారంటే అసూయగా ఉండేది. అన్నకు డ్రైవింగ్ నేర్పినప్పుడు బాపు పెట్టిన షరతు ఒక్కటే. తాళంచెవి తిప్పకముందు నూనె చూడాలి. బానెట్ ఎత్తి, నూనె పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దించి, మళ్లీ లాగి, గీత దాకా నూనె అంటిందో లేదో బాపుకు చూపించాలి. డాక్టరుకు నాలుక చూపించినట్టు అన్న ఆ పుల్లను పట్టుకుని నిలబడేవాడు. బాపు కండ్లద్దాలు పైకి జరుపుకుని చూసి, ఊఁ అంటేనే బండి కదిలేది.

బాపుకు నూనె ఎట్లనో అమ్మకు అక్షింతలు అట్ల. బియ్యంలో పసుపు, రెండు చుక్కల నూనె వేసి కలిపి ఎప్పుడూ ఒక ఇత్తడి డబ్బాలో ఉంచేది. నా పరీక్ష హాల్ టికెట్ మీద, కొత్త కుట్టుమిషన్ మీద, బియ్యం గుమ్మిలో, ఈనిన బర్రె నెత్తి మీద, అమ్మ చేతిలోంచి ఎక్కడపడితే అక్కడ రాలేవి. బడిలో పుస్తకం తెరిస్తే రెండు పసుపు గింజలు జారిపడేవి, పక్క పిల్లలు నవ్వేవాళ్లు. దసరా వస్తే కారుకు పండుగే. బాపు ఇంజన్ నూనె మార్చేవాడు, అన్న చక్రాలు కడిగేవాడు, నేను పళ్లెం పట్టుకునేదాన్ని. అమ్మ స్టీరింగుకు బొట్టు పెట్టి, అద్దానికి దండ వేసి, అది కడుపులో పుట్టిన బిడ్డయినట్టు రెండు చేతులా దిష్టి తీసేది. సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి మేము నడిచి పోయేవాళ్లం. బండికి పండుగ పూట విశ్రాంతి ఇవ్వాలని అమ్మ పెట్టిన నియమం అది. విశ్రాంతి లేనిది అమ్మకేనని అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఆ చలికాలం బాపుకు ఛాతీలో నొప్పి వచ్చింది. హనుమకొండ డాక్టరు హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. మా కారులోనే బయల్దేరారు. అన్న నడిపాడు, పక్కన మా మేనమామ ఐలయ్య, వెనక సీట్లో అమ్మ ఒడిలో తల పెట్టుకుని బాపు. నేను ఇంటి దగ్గర ఉండిపోయాను, కాబట్టి తర్వాత జరిగింది విన్నదే తప్ప చూసింది కాదు. రఘునాథపల్లి దాటాక ఇంజన్‌లోంచి ఇనుము ఇనుమును కొరికిన చప్పుడు వచ్చిందట. ఒక్క కుదుపుతో బండి ఆగిపోయింది. మళ్లీ కదల్లేదు. డాష్‌బోర్డు మీద నూనె లైటు ఎన్నడో కాలిపోయి ఉంది, ముందుగా చెప్పే దిక్కు లేదు. నడిరోడ్డు మీద మామ అన్న కాలర్ పట్టుకుని, "నూనె చూడకుండ బండి తీసినవారా?" అని అరిచాడట. చాలాసేపటికి ఒక లారీ ఆగింది. బాపు ఆ లారీలో, జనగామ రాకముందే పోయాడు.

కారును ట్రాక్టరుకు కట్టి ఇంటికి తెచ్చినప్పుడు నేను ఉన్నాను. అది చూశాను. ఆ ట్రాక్టరాయన తాడు విప్పుకుంటూ, "లోపల ఏమన్న అడ్డం పడ్డదేమో, విప్పి చూడుండ్రి" అన్నాడు. "ఏం లేదు, నూనె లేదు, గంతే" అని మామ ఆయన నోరు మూయించాడు. అమ్మ గడపలో కూర్చుని ఉంది. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మనిషి, లేచి అన్న దగ్గరికి వచ్చి, అతని రెండు భుజాలూ పట్టుకుని అడిగింది.

"నూనె చూసినవా బిడ్డా?"

"చూసిన అమ్మా. గీత దాక ఉన్నది."

"మంచిగ యాద్ చేసుకో. చూసినవా?"

"చూసిన."

అమ్మ చేతులు జారిపోయాయి. అన్న మాట నమ్మలేదు కాబట్టే అలా అయిపోయిందని మేమంతా అనుకున్నాం. అన్న కూడా అలాగే అనుకున్నాడు. ఆ తర్వాత అమ్మ ఆ ప్రశ్న ఇంకెన్నడూ అడగలేదు. అడగకపోయినా అది ఇంట్లో తిరుగుతూనే ఉండేది. అన్న మళ్లీ స్టీరింగు పట్టుకోలేదు. మార్కెట్ యార్డులో గుమాస్తాగా చేరి, బస్తాల మధ్యనే రిటైరయ్యాడు. కానీ వీధిలో ఎవరు స్కూటర్ తీసినా, "నూనె చూసినవా?" అని అడిగేవాడు. దేవుడి దగ్గర దీపం కనిపిస్తే ప్రమిద వంచి చూడకుండా దాటిపోలేడు. వదిన మొదట్లో నవ్వేది, తర్వాత నవ్వడం మానేసింది. కొన్నేళ్లు పోయాక అన్నకే అనుమానం పట్టుకుంది. ఆ పొద్దున చూశానా, లేక రోజూ చూసే అలవాటులో చూశాననుకుంటున్నానా? ఒకసారి నన్నే అడిగాడు, "నువ్వు వాకిట్లనే ఉన్నవ్ గదనే, నేను పుల్ల తీసిన్నా?" అని. నేను లోపల బాపు బట్టలు సర్దుతున్నాను. చూడలేదు. చూశానని అబద్ధం చెబుదామని నోటి దాకా వచ్చింది గానీ, అన్న నా అబద్ధాలు ఇట్టే పట్టేస్తాడు.

బానెట్ ఎత్తి పుల్ల లాగితే తేలిపోయేది కదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. అమ్మ దాని మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. "మీ బాపు పాణం దాండ్లనే ఉన్నది, ముట్టకుండ్రి" అనేది. అమ్మ ఊళ్లో లేని రోజులు కూడా ఉన్నాయి. అన్న కారు దగ్గరికి వెళ్లి, బానెట్ మీద చెయ్యి పెట్టి, వెనక్కి వచ్చేసేవాడు. పుల్ల పొడిగా వస్తే ఏం చేయాలో అతనికి తెలియదు.

అమ్మలో ఇంకో మార్పు వచ్చింది. ఇత్తడి డబ్బా అటకెక్కింది. అన్న పెండ్లిలో అందరూ అక్షింతలు వేస్తుంటే అమ్మ స్తంభం చాటున నిలబడింది. భర్త పోయిన ఆడవాళ్లను శుభకార్యాల్లో వెనక్కి నెట్టే ఆ పాడు ఆచారం మీద నాకు అప్పటికే ఒళ్లు మంట. నేనే అమ్మను చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చి, పిడికిట్లో అక్షింతలు పోసి, వెయ్యమన్నాను. అమ్మ పిడికిలి విప్పలేదు. "నా చేతియి వద్దు బిడ్డా" అంది. కండ్లలో భయం కనిపించింది. లోకానికి భయపడుతోందనుకుని, బంధువులందరి ముందూ పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. నా పెండ్లిలోనూ అదే మాట అంది. ఇంటికి వెళ్లాక చూస్తే ఆ గింజలు చీర కొంగున ముడివేసుకుని ఉంది.

ఇంజన్ దించడానికి వచ్చిన మెకానిక్ పేరు యాకూబ్. నలభై ఏళ్లుంటాయి. నోరు చేతికంటే వేగం. "నా చేతికి లొంగని ఇంజన్ వరంగల్ల లేదక్కా, ఫికర్ చెయ్యకు" అంటూనే మొదలుపెట్టాడు. మూడు ఇనుప పైపులు పైన కలిపి కట్టి, దానికి చైన్ పుల్లీ వేలాడదీశాడు. బానెట్ తీసి గోడకు ఆనించాడు. రేడియేటర్, బ్యాటరీ వైర్లు, పొగ గొట్టం, ఒక్కొక్కటే ఊడదీశాడు. తుప్పు పట్టిన నట్టు రాకపోతే కిరోసిన్ పోసి, దాన్ని బుజ్జగించి, తర్వాత బూతులు తిట్టి తిప్పేవాడు. నూనె పుల్ల పట్టుకుని లాగితే అది గొట్టంలోనే తెగిపోయింది. అన్న మొహం చూడలేకపోయాను. ముందునుంచి హ్యాండిల్ పెట్టి యాకూబ్, అతనితో వచ్చిన మనిషి ఇద్దరూ బరువంతా వేసినా ఇంజన్ ఇసుమంత కూడా తిరగలేదు.

"నూనె లేక పట్టేసింది కాకా" అన్నాడు యాకూబ్ చేతులు తుడుచుకుంటూ. "విప్పి చూసుడు గూడ అక్కర్లేదు. ఎవడో ఎండబెట్టి నడిపిండు."

అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "దించు" అన్నాడు. "దించి, చూసి చెప్పు."

చైన్ కరకరమంటూ కదిలింది. ఇంజన్ మెల్లగా పైకి లేచింది. బరువు పోయేసరికి కారు ముందుభాగం స్ప్రింగుల మీద నిట్టూర్చినట్టు పైకి లేచింది. బాపు డ్రైవర్ సీట్లోంచి దిగినప్పుడు బండి అలాగే లేచేది. నేను, వదిన ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. అన్న కూడా అటే చూస్తున్నాడు. అంతసేపూ నోరు ఆపని యాకూబ్ కూడా ఒక్క క్షణం చైన్ లాగడం ఆపాడు.

ఇంజన్ గాల్లో ఉండగానే దాని కింద వదిన పాత స్టీలు గిన్నె పెట్టింది. అడుగున నూనె నిలిచే భాగాన్ని వాళ్లు చాంబర్ అంటారు. దాని బిరడా తిప్పాడు యాకూబ్. మొదట ఏమీ రాలేదు. తర్వాత నల్లగా, చిక్కగా, బెల్లం పాకం జారినట్టు నూనె దిగడం మొదలైంది. గిన్నె నిండింది. "ఇంకోటి తే వదినా" అని నేను అరిచాను. వదిన వంటింట్లోకి పరుగెత్తి ఏది దొరికితే అది తెచ్చింది, నిన్నటి పులుసు గిన్నె కూడా. అన్న వంగి, వేలు ఆ నూనెలో ముంచి, వెలుగులోకి ఎత్తి చూసుకున్నాడు.

"నూనె ఉన్నది గద యాకూబ్?"

"ఉన్నది కాకా. నిండ ఉన్నది. నేనే తప్పు చెప్పిన."

అన్న పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు. "చూసిన. నేను చూసిన శోభా" అని నవ్వాడు. ఆ నవ్వు బాపు బతికుండగా విన్నది. నాకు ఏడుపు ఆగలేదు. మామ వినాలి, అమ్మ వినాలి, ఆ సందంతా వినాలి అనిపించింది. అక్కడితో ఆపి, అందరం లోపలికి పోయి చాయ్ తాగి ఉంటే ఎంత బాగుండేదో.

కానీ తన అంచనా తప్పినందుకు యాకూబ్‌కు రోషంగా ఉంది. "నూనె ఉండంగ ఎట్ల పట్టేసింది మరి?" అనుకుంటూ ఇంజన్‌ను టైర్ల మీద పడుకోబెట్టి చాంబర్ విప్పాడు. లోపల నూనెను పైకి పీల్చే గొట్టం మూతికి జల్లెడ లాంటి ఒక జాలి ఉంటుంది. ఆ జాలి కనపడకుండా నల్లటి పెచ్చు కట్టి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకి, పెట్రోల్లో కడిగి, అరచేతిలో వేసుకుని చూశాడు. గింజలు.

"ఏందివి? వడ్లా? ఎలుక గిట్ల తెచ్చిందా అంటె, ఎలుక ఈడికి ఎట్ల వస్తది?" ఒక గింజను గోటితో విరిచాడు. "బియ్యం. బియ్యం లోపలికెట్ల పోయినయి కాకా? నూనె పోసే మూతిల పోస్తె తప్ప పోవు."

అన్న నావైపు చూశాడు. నేను అన్నవైపు చూడలేదు. నా కండ్ల ముందు ఆనాటి దసరా కదిలింది. నా చేతిలో పళ్లెం ఉంది. బాపు కొత్త నూనె పోసి, మూత పక్కన పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి వంగాడు. అన్న వెనక చక్రం కడుగుతున్నాడు. అమ్మ బానెట్ మీదికి వంగి, తెరిచి ఉన్న ఆ నూనె మూతిలో చిటికెడు అక్షింతలు వేసి, నాతో మెల్లగా అంది, "గిదే గదనే బండికి నోరు. పండుగ పూట దానికి పెట్టకుండ మనం తింటమా?" ఒక్క దసరా కాదు, ప్రతి దసరాకూ పెట్టింది. పసిబిడ్డ నోట్లో పెట్టినంత ప్రేమగా పెట్టింది, తన మనిషిని క్షేమంగా తిప్పి తెమ్మని. అమ్మ వేడుకల్లో అదీ ఒకటనుకున్నాను తప్ప, మళ్లీ ఆ సంగతి నాకు ఈ రోజు దాకా గుర్తు రాలేదు. గింజలు నూనెతో పాటు కిందికి దిగి, ఏటికేడు ఆ జాలికి చేరాయి. గిన్నెల నిండా నూనె ఉండి కూడా ఇంజన్‌కు చుక్క అందలేదు.

"ఎలుకలే తెచ్చుంటయి" అన్నాడు అన్న. యాకూబ్ కాదనబోయి, అన్న మొహం చూసి, స్క్రూడ్రైవర్ తుడుచుకున్నాడు. అన్న ఆ గింజలను అతని అరచేతిలోంచి తీసుకుని రుమాల్లో కట్టుకున్నాడు.

అప్పుడే తొర్రూరు నుంచి మామ ఫోన్. తొంభైకి దగ్గరపడ్డా గొంతు తగ్గలేదు, వాకిలంతా వినపడుతుంది. ఇంజన్ దించుతున్నామని అన్న ఆయనకు ముందే చెప్పాడు.

"ఏమైందిరా? దించిన్రా? నూనె ఉన్నదా లేదా?"

గిన్నెల్లో నూనె నా కాళ్ల దగ్గరే ఉంది. అన్న దాన్ని చూస్తూనే చెప్పాడు.

"నువ్వన్నదే నిజం మామా. నూనె లేకుండె. నేను చూడలే."

"నేను చెప్పలే?" అంటున్నాడు మామ. అన్న ఫోన్ పెట్టేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం మాట్లాడుతున్నవ్ అన్నా? గీ మాట కోసమేనా నువ్వు ఇన్నేండ్లు సచ్చుకుంట బతికింది?" అని అరిచాను. అన్న రుమాలు ముడిని వేళ్లతో సవరిస్తూ చాలా నెమ్మదిగా అన్నాడు.

"అమ్మ అడిగిననాడు గిదే చెప్పాల్సింది చెల్లె. గీ మాట కోసమే అడిగింది పాపం. చూడలే అంటె, తప్పు నాది అయితుండె. ఆమె ఎవరి నెత్తి మీదనన్న నాలుగు గింజలు వేస్తుండె."

ఆ మాట నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక, నా భుజాలనే ఎవరో పట్టుకుని అడుగుతున్నట్టు అమ్మ గొంతు వినపడింది. మంచిగ యాద్ చేసుకో, చూసినవా. అందులో నిలదీయడం లేదు. బతిమాలడం ఉంది.

కారు ముక్కలుగా సందు దాటిపోయింది. ఇప్పుడు ఎవరి బండి ఆగినా ఫోన్ చేస్తే ఇంకో బండి వస్తుంది. లోపల ఏం పాడైందో కంప్యూటర్ చెబుతుంది, ఎవరి తప్పో ఇంట్లోవాళ్లు మోయాల్సిన పని లేదు. రేకుకు చిల్లు అలాగే ఉంది. వాన పడితే చుక్కలు ఇప్పుడు ఉట్టి నేల మీద పడుతున్నాయని, ఆ చప్పుడు వేరేగా ఉందని వదిన చెప్పింది. రుమాల్లో గింజలు అన్న ఏం చేశాడో నేను అడగలేదు. ఇది రాశానని తెలిస్తే నామీద కోప్పడతాడు. కోప్పడనీ. ఎవరడిగినా చూడలేదనే చెప్పుకోనీ, అది అతనికీ అమ్మకూ మధ్య మాట. నేను లెక్కలు చెప్పినదాన్ని, తప్పు జవాబును దిద్దకుండా వదిలేయడం నాకు చేతకాదు. మా అన్న ఆ పొద్దున నూనె చూశాడు. ఆ సంగతి అందరికంటే ముందు అమ్మకే తెలుసేమో, తెలిసే అంతకాలం ఆ కారు పక్కన బతికిందేమో అన్నదే ఇప్పుడు నన్ను పడుకోనివ్వడం లేదు.